గట్టు మీద ఆవిడ

"ఎవరికీ తెలియని తప్పు కూడా తప్పేనా, గురువుగారూ?" అని అడిగాడు సోకిచి. జపాను దేశంలో చెక్క అచ్చులతో రంగుల బొమ్మలు వేసే కాలం అది. వాడు అచ్చులు చెక్కే గెంబే దగ్గర పదేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. గెంబేకి ప్రశ్నలంటే గిట్టదు. ఏమడిగినా "చూద్దాం" అని ఉలి నూరుకుంటూ కూర్చుంటాడు. ఆ వేళా అదే మాట అని, బొమ్మ గీసిన తోయెన్ గారికి కబురు పంపాడు, మొదటి ప్రతి వచ్చింది, ఓసారి చూసి వెళ్ళమని. సోకిచి హడలిపోయాడు.

ఎందుకంటే, ఆ పనిలో ఓ పద్ధతుంది. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిన బొమ్మని చెక్క మీద బోర్లించి అతికిస్తారు. గీతల్ని మాత్రం వదిలి, మిగతాదంతా కాగితంతో సహా చెక్కేస్తారు. పని పూర్తయ్యేసరికి అసలు బొమ్మ ఉండదు, పొట్టుతో పాటు పోతుంది. ఈసారి బొమ్మ వసంతంలో నది. విరబూసిన చెర్రీ చెట్లు, రేవులో పడవ, అవతలి గట్టు మీద బియ్యపు గింజంత ఆడమనిషి. సరిగ్గా ఆవిడ దగ్గరే సోకిచి ఉలి జారింది, మెడ తెగింది. అంతమేరా తవ్వి, కొత్త చెక్కముక్క దిగ్గొట్టి మళ్ళీ చెక్కొచ్చు. కానీ ముందు గురువుగారికి చూపించాలి. వచ్చే నెల నుంచి సొంతంగా పనిస్తానన్న మనిషికి ఏ మొహం పెట్టుకుని చూపిస్తాడు? మిగిలిన ఆవిణ్ణి కూడా శుభ్రంగా చెక్కి పారేశాడు. పోల్చి చూడ్డానికి అసలు బొమ్మే లేదాయె, పట్టుకునేదెవరు?

తోయెన్ గారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో కర్ర, నడుముకి కుంచెల సంచి. ప్రతిని వెలుతురుకి పెట్టి చూశారు. ముక్కుకి ఆనించుకుని చూశారు.

"ఇక్కడ మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. పోయి ఏడాదయింది. కనపడ్డం లేదే" అన్నారు మెల్లగా. తర్వాత కాగితం సోకిచికి అందించారు. "నీవి కుర్ర కళ్ళు నాయనా. చూడు, ఉందా?"

సోకిచి గురువు వైపు చూశాడు. గెంబే ఉలి నూరుకుంటున్నాడు.

"ఉందండి" అన్నాడు సోకిచి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి వాడికి కాసేపు పట్టింది.

పెద్దాయన మొహం తేటపడింది. "పోన్లే, ఉందిగా. లోపం నా కళ్ళదన్నమాట." నడుమున ఉన్న సంచి విప్పి వాడి ఒళ్ళో పెట్టారు. "కళ్ళు పోయినవాడికి కుంచెలెందుకు, నువ్వుంచుకో. చల్లగా ఉండు." కర్ర పోటేసుకుంటూ రేవు దారి పట్టారు.

సోకిచి సిగ్గుతో చచ్చిపోయాడు. తిట్టినా బాగుండేది, రెండు దెబ్బలు వేసినా బాగుండేది. నాలుగు కుంచెల సంచి ఎంత బరువుంటుంది గనక, అది ఒళ్ళో పెట్టుకుని లేవలేకపోయాడు.

"చెబుదామనే అనుకున్నానండి" అని గొణిగాడు. "నోరు రాలేదు."

గెంబే ఉలి అంచుని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. తలెత్తలేదు.

"ఆయన నడక నెమ్మది" అన్నాడు. "పడవ ఎక్కడానికి ఇంకా కాసేపు పడుతుంది."