రేవులో రెండు ధరలు

శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా పని చెప్పడం పాపయాచార్యుల వారి అలవాటు. అందుకని ఆయన దగ్గర చదువుకునేవాళ్లు నోటిదాకా వచ్చిన సందేహాన్ని చాలాసార్లు మింగేసేవారు. సుదర్శనానికి మాత్రం ఆ తెలివి ఇంకా అబ్బలేదు.

అవి నైజాంలో హాలీ రూపాయి, గోదావరి దాటితే ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి చెల్లే రోజులు. గురుశిష్యులు మకాం చేసిన నైజాం వైపు రేవులో నాగభూషణం అనే షరాబు చాప పరుచుకుని డబ్బు మార్చేవాడు. వంద కల్దార్లు కావాలన్నవాడి దగ్గర నూట ఇరవై హాలీలు పుచ్చుకునేవాడు. అవే వంద కల్దార్లు తెచ్చి హాలీలు అడిగినవాడికి నూట పన్నెండే ఇచ్చేవాడు. నడుమ ఎనిమిది ఆయనవి.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈయన కూర్చునే కొండలు పెంచుతున్నాడు. దున్నడు, నేయడు, మొయ్యడు. ఈ ఎనిమిదీ దేనికి కూలి, గురువుగారూ?" అని అడిగాడు సుదర్శనం.

"రేపు నువ్వు మార్చిపెట్టు, ఆ ఎనిమిదీ లేకుండా," అన్నారాయన.

మర్నాడు సుదర్శనం అటునుంచి వచ్చేవాణ్ణీ ఇటునుంచి పోయేవాణ్ణీ పట్టుకుని ఎదురెదురుగా నిలబెట్టి, నూట పదహారు ధరకు మార్పించాడు. దళారి అయితే చెరో అర్ధణా అడిగేవాడు. మనవాడు అదీ పుచ్చుకోలేదు. పొద్దెక్కేసరికి ఆరు జంటలు కుదిరాయి. జనం దీవించి వెళ్లారు. నాగభూషణం చాప మీదే తమలపాకులు నములుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం లచ్చవ్వ అనే ఆమె ఇరవైనాలుగు హాలీలు కొంగున ముడేసుకుని వచ్చింది. మొగుడు కాలు కుళ్లి ఆవలి ఒడ్డు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇరవై కల్దార్లు కడితే కాలు తీసి ప్రాణం నిలబెడతామన్నారట. ఉన్న మేకలన్నీ అమ్ముకుని వచ్చింది. ఆమె చాప వైపు నడుస్తుంటే సుదర్శనం అడ్డం వెళ్లి, తన ధరకు మార్పిస్తే పన్నెండణాలు మిగులుతాయని చెప్పాడు. మేకలు లేని ఇంటికి పన్నెండణాలు తక్కువేం కాదు. ఆమె కూర్చుంది.

ఆ వేళకే గోదావరి పొంగడం మొదలైంది. ఆవలి నుంచి పడవలు రావడం ఆగిపోయింది. హాలీలు కావాలనే మనిషి ఒక్కడూ రేవులో దిగలేదు. సుదర్శనం ఒడ్డంతా తిరిగాడు, అడిగినవాళ్లనే మళ్లీ అడిగాడు. అందరి దగ్గరా హాలీలే. ఇంతలో పడవవాడు కేక వేశాడు. ఇదే ఆఖరి పడవట, నీరు తీసేదాకా మళ్లీ కదిలేది లేదట.

"అయ్యా, నీ పన్నెండణాలు నేనేం జేస్కోను? ఆడ నా మొగడు సస్తున్నడు!" అంటూ లేచింది లచ్చవ్వ.

సుదర్శనానికి మంచి మనసైతే ఉంది గాని, అతని దగ్గర కల్దారు ఒక్కటి లేదు. సిగ్గు విడిచి ఆమెను వెంటబెట్టుకుని చాప దగ్గరికి పరుగెత్తాడు.

నాగభూషణం ఒకసారి నది వైపు చూశాడు. "ఇది తగ్గేదాంక హాలీ అడిగెటోడు ఉండడు. తగ్గేసరికి హాలీ ధర యాడికి పడ్తదో ఏమో," అని గొణుక్కున్నాడు. ఆ తరవాత, "పొద్దుగాల ధరనే తల్లీ. ఇరవైనాలుగియ్యి," అన్నాడు. పెంచలేదు, తగ్గించనూ లేదు. ఇరవై కల్దార్లు ఒక్కొక్కటే మోగించి ఆమె దోసిట్లో పోశాడు. లచ్చవ్వ బురదలో పడుతూ లేస్తూ వెళ్లి పడవ ఎక్కింది.

పడవ ఆవలి ఒడ్డు చేరేదాకా చూసి సుదర్శనం గురువుగారి దగ్గరికి వచ్చాడు. ఆమె వెళ్లగలిగినందుకు ప్రాణం కుదుటపడింది గాని, కోపం చల్లారలేదు. "అంత ఆపదలో ఉన్న మనిషి దగ్గర కూడా ఆ పన్నెండణాలు వదల్లేదు, చూశారా?" అన్నాడు.

ఆచార్యుల వారు చాప వైపు చూశారు. నాగభూషణం హాలీల సంచీ మూతి బిగించి కడుతున్నాడు. పొద్దుటికన్నా అది బాగా లావెక్కింది.

"చూశాను నాయనా. నువ్వు చెప్పిన ధరకే ఆ ఇరవైనాలుగూ ఆయన దగ్గర కొనుక్కుని, వరద తీసేదాకా నీ దగ్గర అట్టేపెట్టుకో," అన్నారు.