చెంగమ్మ పదకొండు గుమ్మాలు

ఒక చెరకు తోటలో చెంగమ్మ అనే కుందేలు బొరియకు పదకొండు గుమ్మాలు. ఏది ఏ గట్టు కింద ఉందో, ఎక్కడ దూరితే ఎక్కడ తేలవచ్చో అంతా ఆమె తలలోనే ఉంది. మొగుడు బుడ్డప్పకు రెండు గుర్తుంటే గొప్ప. నలుగురు పిల్లల ప్రాణాలూ ఆ జ్ఞాపకం మీదే నిలిచాయి. మూడు పంటలుగా తరుముతున్నా సింగారి అనే ఆడనక్కకు ఒక్క పిల్లా చిక్కలేదు.

ఒకనాడు సింగారి, బెల్లం వండే పాక నుంచి వెచ్చటి ముద్ద తెచ్చి గట్టు మీద పెట్టింది.

"పాత పగలెందుకు వదినా? నోరు తీపి చేసుకో" అని దూరంగా వెళ్లి కూర్చుంది.

ఊరక రారు మహానుభావులని చెంగమ్మకు తెలియకపోలేదు. కానీ కొత్త బెల్లం వాసనకు లొంగని ముక్కు ఉంటుందా? ఆ రోజు గోరంత, మర్నాడు కొండంత, బుడ్డప్పతో పంచుకుని మరీ తింది. కొన్ని నెలలు తిరిగేసరికి గరిక నోటికి చప్పబడిపోయింది.

అప్పుడు తరిమింది నక్క. పిల్లలతో పరుగెత్తిన చెంగమ్మ గట్టు దగ్గర నిలబడిపోయింది. గుమ్మం ఎటు? ఎంతకీ తట్టలేదు. బుడ్డప్పకు తెలిసిన రెండింట్లో ఒకటి పక్కనే ఉండబట్టి బతికి బయటపడ్డారు.

మర్నాడు చెంగమ్మ గానుగెద్దు గైరయ్య దగ్గర ఏడ్చేసింది.

"నాకు ముసలితనం వచ్చేసింది మావా!"

"ముసలితనం కాదే పిల్లా, బెల్లం. మా పాకలో కోడిపెట్టను చూడు. తీపి మరిగి, గుడ్లు ఎక్కడ పెట్టిందో మరిచి బాతు గుడ్లు పొదుగుతోంది. దాన్ని చూసే సింగారి ఈ ఎత్తు వేసింది."

"మరి మా ఆయనా తిన్నాడు కదా?"

"పుంజూ తింది. దానికి ఒళ్లు పెరిగింది, పెట్టకు మతి తగ్గింది. పెద్దకాలువ నిండుగా పారినా పిల్లకాలువ పూడితే చివరి మడి ఎండదూ? తలలో నెత్తురు పారే దారులు వెంట్రుక కన్నా సన్నం. తీపి ఎక్కువైతే ముందు వాటికే దెబ్బ. ఆడవాళ్లకు ఇంకా తొందరగా తగులుతుందేమోనని నా అనుమానం. మానేసి చూడు."

చెంగమ్మ మానేసింది. సింగారి మాత్రం ముద్దలు తెస్తూనే ఉంది.

"నువ్వు రుచి చూడందే నేను ముట్టను వదినా" అంది చెంగమ్మ.

'నేనేమన్నా కోడిపెట్టనా?' అనుకుని సింగారి ఒక ముక్క కొరికింది. మర్నాడు సగం. ఆ తర్వాత ముద్ద దారిలోనే అయిపోయేది, ఖాళీగా మూతి నాక్కుంటూ వచ్చేది.

ఇక్కడ చెంగమ్మకు గుమ్మాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పదకొండోది తట్టిన రోజు సంతోషం పట్టలేక మూడు గంతులు వేసింది. పిల్లలూ వేశారు. ఎందుకో తెలియకుండానే బుడ్డప్పా వేశాడు.

"రా వదినా, ఇవాళ పట్టుకో!" అని నక్కను పిలిచింది.

ఒకటో గుమ్మంలో దూరి నాలుగులో తేలింది, నాలుగులో దూరి తొమ్మిదిలో నవ్వింది. సింగారికి తల తిరిగిపోయింది.

"ఇంతకీ నేను ఎటునుంచి వచ్చాను?" అని చెరకు గడలనే అడిగింది. చివరికి అడవి దారి అనుకుని ఒక్క ఉరుకున బెల్లం పాకలో పడింది. అక్కడ బెల్లం దొంగ కోసం మూడు కుక్కలు కాచుకుని ఉన్నాయి.

ఏరు దాటి ఎటు పారిపోయిందో మరి! పగ తీర్చుకుందామని చాలాసార్లు బయలుదేరిందట. దారి గుర్తొస్తే కదా!

"ఇవాళ పండగే చెంగమ్మా, ఏం పెడతావు?" అన్నాడు గైరయ్య.

"గరిక మావా, కడుపు నిండా!"

నాలుకకు నచ్చిందల్లా తలకు నప్పదు.