గిల్లి పోసిన గంజి

అనగనగా అంటే మరీ అంత పాతకాలమూ కాదు, అలాగని నిన్నా మొన్నా కాదు. మబ్బులు దారి మరచిపోయిన ఒకానొక కాలంలో తామ్రగిరి అనే రాజ్యం ఉండేది.

వాన లేక అక్కడ పత్తి పూయలేదు. పత్తి లేక నూలు లేదు. నూలు లేక నేతగాళ్ళ వీధిలో మగ్గాలన్నీ మూగబోయాయి. ఒకప్పుడు ఆ వీధిలో నడిస్తే మగ్గాల చప్పుడు గుండె చప్పుడులా వినబడేదట. ఇప్పుడు పిల్లల ఏడుపు వినబడుతోంది.

ఆ వీధి చివరింట్లో చౌడమ్మ ఉండేది. మొగుడు జ్వరమొచ్చి పోయాడు. ఆమెకి ఏడేళ్ళ కూతురు పోలి, ఇంకా మాటలు సరిగా రాని కొడుకు గురవడు. పోలి నవ్విందంటే విరజాజి పందిరి గాలికి ఊగినట్టుండేది. గురవడు మాత్రం తల ఎత్తడం మానేశాడు. తల్లి భుజం మీద వాడిన తమలపాకులా పడి ఉండేవాడు.

నేతగాళ్ళకి తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. చిరుగు గుడ్డతో గడప దాటకూడదు. దాటితే మగ్గానికి అవమానం. అందుకే ఎంత లేకపోయినా, చిరిగిన గుడ్డని ఆ సాయంత్రమే కుట్టేసేవారు.

ఇలా ఉండగా రాజుగారు గాదెలు తెరిపించి జొన్నలు ఇచ్చారు. వాటిని పంచిపెట్టే పని వజ్రనాభుడనే వర్తకుడు తలకెత్తుకున్నాడు. ఊరి నడుమ చలువపందిరి వేయించాడు. పందిరి కింద గంగాళాలు, గంగాళాల్లో గంజి. ఎత్తు పీట మీద తాను, వెనకాల వింజామర వీచేవాడు. పందిరి గుంజకి తన పేరు కుట్టిన పట్టుజెండా. జొన్నలు రాజువి, జెండా వజ్రనాభుడిది!

చౌడమ్మ పిల్లలకి మొహాలు కడిగి, అతుకులు వేసిన శుభ్రమైన బట్టలు కట్టి పందిరికి తీసుకెళ్ళింది. పందిరి పనులు చూసే పారుపత్తేదారు భైరవయ్య, చేతిలో గరిటెతో, ఆమెని ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, పెళ్ళికి గానీ వచ్చావా? ఇంత మంచి గుడ్డలు కట్టుకుని గంజికి నిలబడతావా? వెళ్ళెళ్ళు. చిరుగులున్నవాళ్ళకే ఇక్కడ గంజి."

గంజి పోసేవాళ్ళందరూ నవ్వారు. చౌడమ్మ ఇంటికొచ్చింది. పోలి పరికిణీ చేతిలోకి తీసుకుంది. తన చేత్తో కుట్టిన కుట్టుని తన చేత్తోనే పర్రుమని చింపింది. మూలనున్న మగ్గం వైపు మాత్రం చూడలేకపోయింది.

మర్నాడు చిరుగులతో వెళ్ళింది. భైరవయ్య ఈసారి పోలి జడలు పట్టి లాగాడు.

"ఇంట్లో దువ్వెన ఉందే! దువ్వెన ఉన్న కొంపలో దోసెడు గింజలు లేవా? అయ్యగారి దగ్గరా మీ వేషాలు?"

చౌడమ్మ పళ్ళు బిగపట్టి ఇంటికొచ్చింది. పోలి జడలు విప్పి, పొయ్యిలోని బూడిద తీసి పిల్లలిద్దరి తలలకీ పూసింది. "ఎందుకమ్మా?" అని అడిగింది పోలి. తల్లి ఇంకో పిడికెడు బూడిద తీసింది.

ఆ పై రోజు బూడిదతో వెళ్ళారు. భైరవయ్య గరిటె ముంచాడు, ఎత్తాడు. సరిగ్గా అప్పుడే పందిరి మీది కాకి ఒకటి చటుక్కున దిగి, వజ్రనాభుడి తలపాగా కుచ్చు లాగి ఎగిరిపోయింది. పోలి కిలకిలా నవ్వేసింది.

గరిటె మళ్ళీ గంగాళంలోకి దిగిపోయింది.

"నవ్వే పిల్లకి ఆకలేమిటి?" అని భైరవయ్య గొంతు తగ్గించాడు. "ఇదిగో చూడు. అయ్యగారికి పిల్లల ఏడుపు వింటేనే దయ పుడుతుంది. తొడ మీద ఒక్క గిల్లు గిల్లు, గంజి పోస్తా. అందరూ చేసే పనేగా!"

చౌడమ్మ చుట్టూ చూసింది. తల్లులందరూ తలలు దించుకున్నారు. భుజం మీద గురవడి ఊపిరి సన్నగా తగులుతోంది. ఆమె చెయ్యి పోలి తొడ వైపు వెళ్ళింది. పోలి గట్టిగా కళ్ళు మూసుకుంది, అంతే.

ఆ మూసుకున్న కళ్ళు చూడగానే చౌడమ్మ ఒళ్ళంతా నిప్పు రాజుకుంది.

"థూ!" అంది. "గుడ్డ చింపమన్నావు, చింపాను. దువ్వెన ఉందన్నావు, బూడిద పూశాను. నా బిడ్డని నా చేత్తోనే ఏడిపించమంటావా? ఏడుపు చూస్తే గానీ కరగని గుండె గుండేనా? ఆ గంజి మీ అయ్యనే తాగమను!"

ఇంటికొచ్చి గడపలో కూలబడింది. కోపం ఉంది గానీ, కోపం గురవడి కడుపు నింపదు కదా! ఇంతలో రెక్కలు టపటపలాడాయి. తలపాగా లాగిన ఆ కాకే. ముక్కున ఉన్న కొబ్బరిముక్క గురవడి ఒడిలో వేసింది.

"నా వల్ల మీ గంజి పోయిందమ్మా," అంది కాకి. "ఒక మాట చెప్పనా? పిండం పెట్టేటప్పుడు మీ మనుషులు నన్నెలా పిలుస్తారు? నీ ఈక ఊడిందా, నీకు నిజంగా ఆకలేనా అని అడుగుతారా? కా, కా అని బతిమాలి పిలుస్తారు. నేను వాలకపోతే ఏం లోపమో చెప్పమని దణ్ణాలు పెడతారు. కాకికున్న మర్యాద కన్నబిడ్డకి లేదా ఈ ఊళ్ళో?"

చౌడమ్మ తల ఎత్తింది.

"రేపు పెద్ద మహారాజుగారి తద్దినం," అంది కాకి. "పిండం ఆ పందిరి దగ్గరే పెడతారు. అక్కడే వజ్రనాభుడికి బిరుదు కూడా ఇస్తారట. నేను వాలను. నా జాతిలో ఎవరూ వాలరు. మిగతాది నీ ఇష్టం."

చౌడమ్మ కొబ్బరి నమిలి ఆ పాలు గురవడి నోట్లో పెట్టింది. తర్వాత సూదీ దారం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది.

"రేపు చిరుగులు కుట్టుకుని రండి. ఏ బిడ్డనీ గిల్లకండి."

"వాళ్ళు గంజి ఆపేస్తే? పిల్లలు పోతారే చౌడీ!" అంది పక్కింటి ఎల్లక్క.

"ముందు పోయేది నావాడే అక్కా," అంది చౌడమ్మ. "అయినా చెబుతున్నాను. ఇవాళ గిల్లించిన వాడు రేపు కొట్టిస్తాడు."

ఎల్లక్క లోపలికెళ్ళి కొడుకు చిరిగిన లాగు తెచ్చింది. తర్వాత, "సూది ఇటివ్వు," అంది.

మర్నాడు మేళతాళాలతో రాజుగారు వచ్చారు. అరటాకులో పిండం పెట్టి, "కా, కా" అని పిలిచారు. గుంజ మీది కాకి మొహం తిప్పుకుంది.

"నాన్నగారి పేరున బంగారు బొమ్మ చేయిస్తాను," అని రాజు రెండోసారి పిలిచారు. కాకి రెక్కలు గోక్కుంది.

"దీని కడుపు నిండినట్టుంది ప్రభూ," అన్నాడు వజ్రనాభుడు. "వేరే కాకిని పిలిపిద్దాం."

"నువ్వూరుకో," అన్నారు రాజు. కిరీటం తీసి పక్కన పెట్టి, చేతులు జోడించి మూడోసారి పిలిచారు. "తండ్రీ! ఏం లోపం జరిగింది? చెప్పు, తీరుస్తాను."

"నన్నడుగుతావేం?" అంది కాకి. "వాళ్ళనడుగు!"

రాజు తిరిగి చూశారు. గంజి పొగలు కక్కుతోంది. గంగాళం దగ్గరికి ఒక్కరూ రాలేదు. తల్లులందరూ అతుకుల బట్టల్లో నిటారుగా నిలబడి ఉన్నారు. ఒక్క బిడ్డా ఏడవడం లేదు.

వజ్రనాభుడు తక్కువవాడా? "చూశారా ప్రభూ! నా ధర్మం చలవ వల్ల రాజ్యంలో బీదలే లేకుండా పోయారు!"

చౌడమ్మ ముందుకొచ్చింది. గురవడి చెయ్యి తీసి రాజుగారి అరచేతిలో పెట్టింది. ఎండుటాకంత బరువు కూడా లేదు.

"బీదలు లేరా మహారాజా? ఇదిగో, చేతిలో ఉన్నాడు చూడండి! గుడ్డ బాగుందని వీడికి గంజి పోయలేదు. జడ దువ్విందని వీడి అక్కకి పోయలేదు. బిడ్డని గిల్లి ఏడిపిస్తే పోస్తారట!"

ఎల్లక్క కొడుకు లాగు పైకెత్తి చూపించింది. తొడ మీద నల్లగా కమిలిన మచ్చలు. పక్కావిడ చూపించింది. ఆ పక్కావిడ చూపించింది. వజ్రనాభుడు తలపాగా సర్దుకున్నాడు.

"ఆ జొన్నలు మేం పన్నుగా కొలిచినవే," అంది చౌడమ్మ. "గంజి పోసేవాడి జెండా చూశారు గానీ ప్రభూ, తాగేవాడి మొహం ఒక్కనాడైనా చూశారా? తప్పు వాడిదొక్కడిదేనా?"

రాజు తల దించుకున్నారు. గంగాళం దగ్గరికి స్వయంగా నడిచి, గరిటె పట్టుకుని, మొదటి ముంత గంజి గురవడికి పట్టారు. గురవడు ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత మెల్లగా తల ఎత్తాడు.

అప్పుడు కాకి దిగి పిండం ముట్టింది.

రాజుగారు అక్కడే ఆజ్ఞ ఇచ్చారు. లేవలేని వాళ్ళకి గంజి ఇంటికే వెళ్ళాలి. గరిటె తల్లుల చేతికే ఇవ్వాలి. పొరుగు రాజ్యం నుంచి నూలు తెప్పించి ప్రతి మగ్గానికీ పంచాలి. పట్టుజెండా విప్పి పసివాళ్ళకి ఉయ్యాలలు కట్టాలి. ఇక వజ్రనాభుడూ భైరవయ్యా వానలు పడేదాకా పందిరి బయట ఎండలో నిలబడి, వచ్చే ప్రతి బిడ్డనీ చేతులు జోడించి భోజనానికి పిలవాలి.

"అమ్మా, దయచేయండి," అని గొణిగాడు వజ్రనాభుడు.

కుట్టిన పరికిణీ దులుపుకుని పోలి నడుం మీద చెయ్యి వేసుకుంది. "వినబడలేదు తాతా! కాకిని పిలిచినట్టు గట్టిగా పిలవాలి!"

ఆ మాటకి నేతగాళ్ళ వీధంతా నవ్వి, విరజాజి పందిరిలా ఊగింది.

కాబట్టి పిల్లలూ, ఆకలిగొన్నవాణ్ణి ఏడిపించి పెట్టిన కూడు కాకి కూడా ముట్టదు. మర్యాదగా పిలిచి పెట్టిందే దానం.