ఎర్ర దీపాలు ఆరేలోగా

సాల్మన్ మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లు జవాబు కోసం అక్కడే కూర్చోకూడదు. ఆయన అంతా విని, "ఊఁ" అని, లేచి వెళ్లిపోతారు. జవాబు ఆ సాయంత్రమో మర్నాడో ఏదో ఒక పని రూపంలో వస్తుంది. నోరున్న ప్రతివాడూ గురువైపోతున్న ఈ రోజుల్లో ఆయన్ని చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆయన నేర్పేది వేదాంతం కాదు, రేసు కారు నడపడం. ఊరవతల గుట్టల మధ్య ఉన్న ట్రాకు మీద, ఒక్క మనిషి మాత్రమే పట్టే తేలికపాటి కార్లు అవి. నలుగురు కలిస్తే వెనక భాగం ఎత్తి పక్కకి జరిపేస్తారు. పరుగులో ఉన్నప్పుడు ఆ తేలికదనం వరమే కానీ, నిలబడ్డ చోటి నుంచి లేచేటప్పుడు మాత్రం అదే పెద్ద తలనొప్పి. యాక్సిలరేటర్ తొక్కి ఇచ్చే రేజ్ కాస్త ఎక్కువైతే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగలు కక్కుతాయి. కాస్త తక్కువైతే క్లచ్ వదలగానే ఇంజన్ ఉసూరుమని ఆగిపోతుంది. ఆ రెంటి నడుమ ఉండేది వెంట్రుకవాసి చోటు. కాలి కింద దాన్ని పట్టుకుని, ఎదురుగా స్తంభం మీద వెలిగే ఎర్ర దీపాలు ఆరిపోయేదాకా జారకుండా నిలబెట్టాలి. స్టార్టు అంటే అదే.

చైత్రకి ఆ విద్య పట్టుబడింది. ఏలూరు అమ్మాయి, కొన్నేళ్లుగా మాస్టారి శిష్యురాలు. ప్రాక్టీసులో ఆమె కారు ఒంటరిగా లేస్తుంటే చూడటానికి పక్క టీముల మెకానిక్కులు కూడా పని ఆపి ట్రాకు పక్క గోడ దగ్గరికి వచ్చేవాళ్లు. అదే అమ్మాయి, అదే కారు, రేసు రోజున మాత్రం అభాసుపాలయ్యేది. ఒకసారి ఇంజన్ ఆగిపోయేది. ఇంకోసారి చక్రాలు పొగలు కక్కేవి. కష్టపడి ముందు వరుసలో చోటు సంపాదించి, మొదటి మలుపు వచ్చేసరికి సగం మంది వెనక చేరేది. ఆ ట్రాకు బాగా సన్నం. ఒకసారి వెనకబడితే ముందున్నవాళ్లని దాటడం గగనం.

దీనికి అందరూ కలిసి ఒక రోగం పేరు పెట్టేశారు. భయం అన్నారు. ఒకాయన గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నాడు. ఒకావిడ తాయెత్తు తెచ్చి కట్టింది. ఇంజన్ ఆగిన రోజున రేజ్ పెంచమన్నవాళ్లే, పొగలొచ్చిన రోజున తగ్గించమన్నారు. ఉచిత సలహాలకి మన దగ్గర కరువేముంది? చివరికి తను పిరికిదాన్నని ఆ అమ్మాయే నమ్మేసింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. మలుపుల్లో గోడని రాసుకుంటూ పోయే మనిషి పిరికిదెలా అవుతుంది?

ఆ ఏడాదికి ఇంక ఒక్క రేసే మిగిలింది. అందులో కూడా స్టార్టు దగ్గర చతికిలబడితే వచ్చే ఏడాది కారు ఇంకొకరికి ఇచ్చేస్తానని టీమ్ యజమాని మొహం మీదే చెప్పేశాడు. వేరే టీము ఆమెని పిలిచేది లేదు. అంటే రేసులకి అక్కడితో స్వస్తి.

ఆమె మాస్టారి దగ్గరికి వచ్చి, నిలబడే అడిగింది.

"మాస్టారూ, ధైర్యం ఎలా వస్తుంది?"

ఆయన "ఊఁ" అని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం ట్రాకు ఖాళీ అయ్యాక ఆమెని పిలిపించారు. స్టార్టు గీత మీద రెండు కార్లు పక్కపక్కన ఉన్నాయి. మెకానిక్ బాషా ఆమె కారులో, ఇంజన్ వేగం చూపించే ముల్లు కనపడకుండా నల్ల టేపు అంటించాడు. ఆమె దానికేమీ కంగారు పడలేదు. స్టార్టు వేళ ఆ ముల్లుని ఎవరూ చూడరు. కళ్లన్నీ దీపాల మీదే ఉంటాయి. హోరు విని కాలు సర్దుకోవడం అలవాటు. మాస్టారు మోకాళ్లు పట్టుకుని, "అమ్మా దేవుడా" అనుకుంటూ, తన ఒంట్లో మూడు వంతులైనా ఎలాగో రెండో కారులో కూరేశారు. బాషా నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"నీకు తెలిసిన రేజ్ దగ్గరే పట్టుకో. దీపాలు ఆరగానే వదులు. అంతే," అన్నారు మాస్టారు.

రెండు ఇంజన్లూ మోగాయి. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. చివరిది వెలిగాక బాషా వాటిని కావాలనే చాలాసేపు ఉంచి, ఆర్పాడు. చైత్ర క్లచ్ వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది.

"ఇంకోసారి," అన్నారు మాస్టారు.

ఇంకోసారి ఇంజన్ ఆగలేదు. వెనక చక్రాలు గిర్రున తిరిగి, తెల్లటి పొగ లేచి, కారు పక్కకి ఒరిగింది తప్ప ముందుకి పోలేదు. ఆమె హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఇక్కడ జనం లేరు, రేసు లేదు, భయం కూడా లేదు మాస్టారూ. మొదటిసారి ఇంజన్ అంత గట్టిగా అరుస్తుంటే అలా ఎలా ఆగిపోయింది?"

"అరిచింది నాదమ్మా," అన్నారాయన.

ఆయన చేసిందల్లా ఒక్కటే. మొదటిసారి దీపాలు వెలుగుతున్నంతసేపూ తన కారు రేజ్ నెమ్మదిగా పెంచుకుంటూ పోయారు. ఆ హోరు తనదే అనుకుని, ఎక్కువైపోతోందని, ఆమె కాలు తనకి తెలియకుండానే వెనక్కి తగ్గింది. రెండోసారి ఆయన తగ్గించుకుంటూ వచ్చారు. ఆమె కాలు కిందికి నొక్కుకుపోయింది. ఒంటరిగా ఉన్నప్పుడు వినిపించేది తన ఇంజన్ ఒక్కటే కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. రేసులో అటూ ఇటూ ముందూ వెనకా అన్ని కార్లు అరుస్తుంటే, ఏ హోరు చెవిన పడితే దానికి తగ్గట్టు తన కాలు సర్దుకునేది. ఇన్నాళ్లూ ఆమె నడిపింది పక్కవాళ్ల కార్లని.

ఇంకెవరైనా అయితే ఇక్కడ ఒక గంట ఉపన్యాసం దంచేవారు. మాస్టారు కారులోంచి బయటపడటానికి బాషా చెయ్యి అందుకుంటూ అడిగారు.

"నీ ఇంజన్ ఎక్కడుంది?"

"నా వెనకాల."

"ఊఁ," అని ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఆ కార్లలో సీటు అంటే పలచటి రేకు. ఇంజన్ దాని వెనకే ఉంటుంది. మర్నాటి నుంచి చైత్ర చెవుల్లో దూది కుక్కుకుని, వీపు సీటుకి ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది. రేజ్ తక్కువగా ఉంటే వెన్నుకి మోటు కుదుపు తగులుతుంది. సరైన చోటికి వచ్చేసరికి అది పిండిమర గచ్చు మీద నిలబడితే పాదాలకి తెలిసే సన్నటి వణుకవుతుంది. దాటిపోతే ఆ వణుకు జలదరింపుగా మారి పళ్లదాకా పాకుతుంది. మాస్టారు రోజూ పక్క కారులో కూర్చుని నానా అల్లరీ చేశారు. మొదట్లో ఆమె మోసపోయింది. చిరాకు పడింది. ఒకరోజు అలిగి అన్నం మానేసింది కూడా. రేసు దగ్గరపడేసరికి ఆయన ఎంత గోల చేసినా ఆమె కాలు జారేది కాదు.

రేసు రోజున ఆమెది ముందు వరుసే. పక్కన నిలిచిన డ్రైవరుకి, దీపాలు వెలిగే వేళ ఇంజన్ ఊరికే గుర్రుగుర్రుమనిపించి పక్కవాళ్లని బెదరగొట్టే అలవాటుంది. ఆ రోజూ అదే చేశాడు. ప్రేక్షకుల స్టాండులో ఉన్న మాకే గుండె అదిరింది. దీపాలన్నీ వెలిగాయి. అవి ఆరిన క్షణంలో చైత్ర కారు పొగ లేకుండా, కుదుపు లేకుండా, ఎవరో కింద నేలని వెనక్కి లాగేసినట్టు ముందుకి జారిపోయింది. అంత అందమైన స్టార్టు నేను మళ్లీ చూడలేదు. మొదటి మలుపులోకి అందరికన్నా ముందు ఆమే తిరిగింది. చివరిదాకా ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు.

దిగాక అందరూ ఆమెని చుట్టుముట్టారు. యజమాని స్వయంగా వచ్చి చెయ్యి కలిపి, వచ్చే ఏడాదీ కారు నీదేనన్నాడు. బాషా ఏకంగా ఏడ్చేశాడు. ఆమె వాళ్లందరినీ తప్పించుకుని, గోడ పక్కన నిలబడ్డ మాస్టారి దగ్గరికి పరుగెత్తుకొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. లేచి, ఆయాసపడుతూనే ఆత్రంగా అడిగింది.

"స్టార్టు ఎలా ఉంది మాస్టారూ? సరిగ్గానే లేచానా?"



"నన్నడుగుతావేంటమ్మా," అన్నారు మాస్టారు. "కారులో కూర్చుంది నువ్వు."