బుర్రావారి ఐదో మనిషి

ఊళ్ళో అందరికీ బుర్ర మెడ మీద ఉంటుంది. గవరయ్య కుటుంబానికి మాత్రం ఇంటిపేరులోనే ఉంది. బుర్రా గవరయ్య, పెళ్ళాం నూకాలు, తమ్ముడు అప్పలకొండ, తమ్ముడి పెళ్ళాం బంగారమ్మ. నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ సంగతి ఇంకెవరూ చెప్పడం లేదని వాళ్ళే చెప్పుకునేవారు. పక్కింటి కూర్మయ్య ఎప్పుడైనా విసుగొచ్చి, అసలు మీకు బుర్రలున్నాయా అని అడిగితే గవరయ్య మురిసిపోయేవాడు. తాతల నాటి నుంచీ ఉన్నాయని వినయంగా చెప్పేవాడు.

ఇన్ని తెలివితేటలున్న ఇంటికి కప్పు మాత్రం సరిగ్గా లేదు. అది గడ్డి కప్పు. దానికో చిల్లు. ఆ చిల్లు సరిగ్గా గవరయ్య మంచానికి పైన, ఇంకా చెప్పాలంటే అతని గుండెలకి ఎదురుగా ఉండేది. మంచం జరుపుకోవచ్చు కదా అంటారేమో. జరిపితే చిల్లు ఎక్కడుందో మళ్ళీ కొత్తగా వెతుక్కోవాలని అతని భయం. అందుకని వాన వస్తే గుండెల మీద చెంబు పెట్టుకుని పడుకునేవాడు. పక్కకి తిరిగితే చెంబు ఒలికిపోతుంది. అంతే, మూడు వానాకాలాలు వెల్లకిలా పడుకుని గడిపాడు. నడుం పట్టేసింది. చచ్చేలోగా ఒక్క వానాకాలం పక్కకి తిరిగి పడుకోవాలని, అంతకు మించి అతనికి కోరికే లేదు.

ఆ ఇంట్లో కాస్త లోకజ్ఞానం ఉన్న మనిషి మేనత్త పైడమ్మ ఒక్కతే. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, ప్రతి వారం సంతలో చింతపండు అమ్మేది. రోజూ పొద్దున్నే "మనం ఐదుగురం" అని వేళ్ళ మీద లెక్కపెట్టి, ఐదు ముంతల్లో గంజి పోసేది. లెక్క ఎందుకంటే, లేకపోతే ఎవరు తాగారో ఎవరు తాగలేదో మిగతావాళ్ళకి గుర్తుండదు. అలాంటి పైడమ్మకి జబ్బు చేసింది. ఆఖరి రోజున గవరయ్యని దగ్గరికి పిలిచింది.

"ఒరే గవరయ్యా, అటక మీద బిందె ఉంది. నా చింతపండు డబ్బులు. తొందరపడి తగలెయ్యకండి. మన ఐదుగురూ ఇంట్లో కూకుని, ఒక్క మాట మీదికి వచ్చాకే మూత తియ్యండి."

ఆ మాట అని కన్నుమూసింది. నలుగురూ బావురుమన్నారు. తెలివి ఎలా ఉన్నా ప్రేమకి లోటులేని ఇల్లు అది. గవరయ్యకైతే పది రోజులు ముద్ద దిగలేదు.

పన్నెండో రోజు అయ్యాక బిందె కిందికి దించారు. చిన్నదే గానీ, కదిపితే ఘల్లున మోగింది. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ఏం చేద్దామని గవరయ్య అడిగాడో లేదో, నలుగురూ ఒక్క గొంతుతో కప్పు నేయించాలన్నారు. ఆషాఢం దగ్గర పడుతోంది మరి. ఇంకేముంది, గవరయ్య మూత మీద చెయ్యి వేశాడు. నూకాలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు మావా. ముందు లెక్కెట్టు."

గవరయ్య లెక్కపెట్టాడు. నలుగురే వచ్చారు. నూకాలు వైపు నుంచి మొదలుపెట్టినా నలుగురే. కళ్ళు మూసుకుని ఒక్కొక్కరినీ తడిమి చూశాడు, నలుగురే. అత్త ఉండగా ఎప్పుడు లెక్కపెట్టినా ఐదు వచ్చేదని, అత్త పోయిన దగ్గర్నుంచీ లెక్కలో ఎక్కడో తేడా కొడుతోందని బంగారమ్మ అనుమానపడింది. ఏమైతేనేం, అత్త ఐదుగురన్నాక ఐదుగురే. చెయ్యి వెనక్కి తీసేశాడు.

అప్పలకొండకి ఒక ఉపాయం తట్టింది. అత్త పీట తెచ్చి వేసి, దాని మీద ఆవిడ చింతపండు బుట్ట పెట్టి, కప్పు నేయించమంటావా అత్తా అని అడిగాడు. బుట్ట ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు పంచాయితీల్లో అనడం గవరయ్య చాలాసార్లు విన్నాడు. అర్ధమంటే సగం. అంటే అత్త సగం ఒప్పుకున్నట్టే. నలుగురూ, సగమూ అయ్యారు. ఇంకో సగం దొరికితే చాలు.

ఆ సగం నేనిస్తానని అప్పలకొండ నోరు మూసుకుని కూర్చున్నాడు. నూకాలు మళ్ళీ లెక్కపెట్టింది. మాట్లాడేవాళ్ళు ముగ్గురు. మాట్లాడని అత్త సగం, మాట్లాడని అప్పలకొండ సగం. వెరసి నలుగురు. ఉన్న సగం కూడా పోయింది. అందరూ కంగారుపడి అప్పలకొండ చేత నోరు తెరిపించారు. మళ్ళీ ఎక్కడ తగ్గిపోతానోనని అతను పొద్దుగూకేదాకా ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

మర్నాడు గవరయ్య కూర్మయ్య దగ్గరికి వెళ్ళి మా ఇంటికి ఐదో మనిషిగా రమ్మని బతిమాలాడు. కూర్మయ్య సంగతంతా విన్నాడు. అందరూ ఒప్పుకున్నాక ఇంకా ఏమిటిరా, మూత తీసి కప్పు నేయించుకోండని చెప్పాడు. నువ్వు మా ఇంట్లో మనిషివి కావు కదా, నీ మాట చెల్లదు, ముందు ఇంట్లోకి వచ్చి మనిషివై అప్పుడు చెప్పమన్నాడు గవరయ్య. కూర్మయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మీకు మడిసి పనికిరాడు. ఏ గంగిరెద్దునో తెచ్చుకోండి. ఏటడిగినా తల ఊపుద్ది."

ఇంతమంచి సలహా ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకున్నావని గవరయ్య అతన్ని కౌగిలించుకున్నంత పని చేశాడు.

వాళ్ళ అదృష్టం కొద్దీ మూడో రోజునే ఎర్రయ్య అనే గంగిరెద్దులవాడు ఏదో తీర్థానికి పోతూ ఆ దారిన వచ్చాడు. ఎద్దు పేరు రాముడు. మెడలో గంటలు, మూపురం మీద అద్దాల బొంత, కొమ్ములకి రంగు కుచ్చులు. ఎర్రయ్య సన్నాయి ఊది, అయ్యగారికి దండం పెట్టు రాముడూ అన్నాడు. రాముడు తల ఊపాడు. గవరయ్యకి కళ్ళు చెమర్చాయి. వయసొచ్చాక అతన్ని అయ్యగారు అన్నవాడూ లేడు, అతన్ని చూసి అంత తొందరగా తల ఊపినవాడూ లేడు. అత్త పీట ఖాళీగా చూసి చూసి ఉన్నాడేమో, మా ఇంటి మనిషి వచ్చాడంటూ రాముడి మెడ వాటేసుకున్నాడు.

అత్త "ఇంట్లో కూకుని" అంది. వాకిట్లో నిలబడితే చెల్లదు. కాబట్టి రాముణ్ణి లోపలికి తీసుకెళ్ళాలి. గుమ్మం చాల్లేదు. తలుపు ఊడదీశారు. కొమ్ములు పట్టలేదు. ద్వారబంధం పీకేశారు. రాముడు గోడ కొంచెం గీరుకుంటూ లోపలికి వెళ్ళి, గవరయ్య మంచం పక్కన నిలబడ్డాడు. ఎర్రయ్య గుప్పెడు బియ్యం కోసం వచ్చినవాడు, ఏం జరుగుతోందో తెలియక సన్నాయి చంకలో పెట్టుకుని చూస్తున్నాడు.

ఇప్పుడు కూర్చోవాలి. రాముడు కూర్చోడే. నూకాలు అత్త పీట తెచ్చి వేసింది. అప్పలకొండ ఎలా కూర్చోవాలో పదిసార్లు కూర్చుని లేచి చూపించాడు. రాముడు ప్రతిసారీ మెచ్చుకున్నట్టు తల ఊపాడు గానీ కాలు మడవలేదు. కడుపు నిండితే పశువు తనంతట తనే పడుకుంటుందని ఎర్రయ్య చెప్పాడు. ఇంట్లో పిడికెడు గడ్డి లేదు. గవరయ్య అటూ ఇటూ చూశాడు. పైకి చూశాడు. పైన అంతా గడ్డే.

అంతే, నిచ్చెన వేశాడు. ఎలాగూ పాడైపోయిందే కదా అని చిల్లు చుట్టూ ఉన్న గడ్డి ముందు లాగాడు. రాముడు తిన్నాడు. ఇంకొంచెం లాగాడు. అదీ తిన్నాడు. పొడిగడ్డి రుచి మరిగాక రాముడు ఆగలేదు, కడుపు నిండనిదే మాట చెల్లదు గనక గవరయ్యా ఆగలేదు. అప్పలకొండ అటువైపు నుంచి లాగాడు. కప్పు ఖాళీ అయిపోతోందని నూకాలు అంటే, నేయించేది ఎలాగూ కొత్త కప్పే, పాతది అడ్డమెందుకని గవరయ్య సర్దిచెప్పాడు. మధ్యాహ్నానికి వెదురు వాసాలు మిగిలాయి. రాముడు ఒక్క తేన్పు తేన్చి, కాళ్ళు మడిచి, మంచం పక్కన హాయిగా పడుకున్నాడు.

ఇంకేముంది, నలుగురూ గబగబా చుట్టూ కూర్చున్నారు. కప్పు నేయించాలా రాముడూ అని గవరయ్య అడిగాడు. రాముడు తల ఊపాడు. ఐదుగురి మాటా ఒక్కటైంది. నూకాలు ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. అప్పలకొండ జాగ్రత్తపరుడు. ఏ విషయమైనా రెండు వైపులా అడగాలని, కప్పు నేయించొద్దా రాముడూ అన్నాడు. రాముడు దానికీ ఊపాడు. గవరయ్య మళ్ళీ నేయించాలా అని అడిగి, రాముడు తల ఊపగానే తమ్ముడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఎర్రయ్య మంచివాడు. చూడలేకపోయాడు. అది ఏటడిగినా ఊపుద్ది బాబూ, దాని మాట పట్టుకోవద్దని చెప్పాడు. ఇంత కలుపుగోలు మనిషి మా వంశంలోనే లేడని గవరయ్య బదులిచ్చాడు. పొద్దుపోతోంది, నేను పోవాలని ఎర్రయ్య తాడు అందుకున్నాడు. అప్పుడు బుర్రా గవరయ్యకి ముందుచూపు కలిగింది. ఇవాళ గడ్డి కొనడానికి మూత తీస్తాం. రేపు నేసేవాడికి కూలి ఇవ్వడానికి మళ్ళీ తియ్యాలి. ఎల్లుండి తాళ్ళకి మళ్ళీ. రాముడు పోతే మళ్ళీ నలుగురం. ముందు రాముణ్ణి కొనుక్కుంటే, ఆ తర్వాత డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో ఐదుగురమూ తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఈ మాట విని మిగతా ముగ్గురూ గర్వంగా ఒకరినొకరు చూసుకున్నారు.

ఎర్రయ్య ససేమిరా అన్నాడు. వాడు నా బిడ్డలాంటోడు, అమ్మనన్నాడు. ఎంత చెప్పినా వాళ్ళు వదలకపోయేసరికి, వీళ్ళని వదిలించుకోవడానికి ఒక మాట అన్నాడు.

"బిందెడు రూపాయలు పొయ్యండి, అప్పుడు సూద్దాం."

నలుగురూ బిందె వైపు చూశారు. సరిగ్గా బిందెడే ఉన్నాయి. అత్త ముందే కొలిచి పెట్టినట్టుందని బంగారమ్మ అత్త తెలివిని తలుచుకుంది. నిన్ను నువ్వు కొనిపించుకోడానికి నీకు సమ్మతమేనా రాముడూ అని గవరయ్య పద్ధతిగా అడిగాడు. రాముడు తల ఊపాడు. మూత తీశారు. ఎర్రయ్య గుడ్డలోకి రూపాయలన్నీ ఘల్లుఘల్లున పోసి, బిందెకి మళ్ళీ మూత పెట్టారు.

ఎర్రయ్య వద్దు బాబూ అన్నాడు. రెండోసారీ వద్దన్నాడు. మూడోసారీ వద్దన్నాడు. మంచితనానికి కూడా ఒక హద్దుంటుంది కదా, నాలుగోసారి అనలేదు. రాముడి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, ఏడాదికోసారి వచ్చి చూసి పోతానని ఏడుస్తూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నిజంగా ఐదుగురు. ఇంట్లోనే ఉన్నారు. కూర్చునే ఉన్నారు. గవరయ్య గొంతు సవరించుకుని, ఇక అత్త డబ్బు దేనికి ఖర్చు పెడదామని అడిగాడు. నలుగురూ కప్పు నేయించాలన్నారు, రాముడు తల ఊపాడు. మూత తీశారు. బిందెలో ఏమీ లేదు. అందరూ ఒకరి తర్వాత ఒకరు తొంగి చూశారు. ఎవరు చూసినా ఏమీ లేదు.

ఇంకో వానాకాలం వెల్లకిలా పడుకోవాలన్న మాట. గవరయ్య అలా అనుకుంటుండగానే ఉరిమింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. మరేం చేస్తాడు, అలవాటు ప్రకారం చెంబు తెచ్చుకుని మంచమెక్కి, గుండెల మీద పెట్టుకుందామని చిల్లు కోసం పైకి చూశాడు. చిల్లు కనబడలేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికాడు. అసలు చిల్లన్నదే లేదు. వాసాలూ, వాటి మీద మబ్బులూ, అంతే.

"ఓలే నూకాలూ, చిల్లు పోయిందే."

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చిల్లు పోయినందుకు ఇల్లంతా పండగైపోయింది. గవరయ్య చెంబు అవతల పారేసి, మూడేళ్ళలో మొదటిసారి వాన రోజున మంచం మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. నడుం హాయిగా ఉంది. వాన మాత్రం కుండపోతగా కురుస్తోంది. జుట్టు లోంచి నీళ్ళు కారుతున్నా అతనికి అంత సుఖం ఎన్నడూ కలగలేదు.

కాసేపయ్యాక బంగారమ్మ చీర కొంగు పిండుకుంటూ, చిల్లు లేకపోతే ఇంత వాన ఎటు నుంచి వస్తోంది బావా అని అడిగింది. మంచి ప్రశ్నే. గవరయ్య లేచి కూర్చుని చుట్టూ చూశాడు. గుమ్మం బార్లా తెరుచుకుని ఉంది. ఊడదీసిన తలుపు గోడకి ఆనించి ఉంది.

ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు. అన్నదమ్ములిద్దరూ పరుగెత్తి తలుపు ఎత్తి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, వీపులు ఆనించి గట్టిగా నొక్కి పట్టుకున్నారు. ఆడవాళ్ళు గుడ్డలు తెచ్చి సందుల్లో కుక్కారు. బిందె నిండి పొంగి పొర్లుతోంది. నెత్తి మీద నీళ్ళు కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుని, గవరయ్య ఐదో మనిషి వైపు తిరిగాడు.

"ఏటి రాముడూ, ఇప్పుడు వాన తగ్గిందా?"

రాముడు చెవుల్లో నీళ్ళు విదిల్చి, నిదానంగా తల ఊపాడు.

తగ్గిందని మిగతా నలుగురూ ఒక్క మాట మీదికి వచ్చారు.