మంచులో కంచం మోత

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మ చెప్పాల్సింది. ఆవిడ పక్కలో పడుకునే వీలు మీకు లేకపోయింది కాబట్టి, ఆవిడ చెప్పినట్టే చెప్పాలని చూస్తాను. ఎక్కడైనా తడబడితే ఆ తప్పు నాది, కథది కాదు. దుప్పటి కప్పుకోండి.

అనగనగా కొల్లేట్లో ఒక లంక. లంక అంటే చుట్టూ నీళ్ళున్న ఊరు. ఆ ఊళ్ళో వీరరత్నం అని ఒకామె ఉండేది. ఆమెకు బుల్లెమ్మ అని పదేళ్ళ కూతురు.

వీరరత్నానికి భక్తి ఎక్కువ. పొద్దున్నే అమ్మవారి పటం ముందు నిలబడి, కావలసినవన్నీ గబగబా అడిగేసేది. వలలో చేపలు పడాలి, ఇంటికప్పు కారకూడదు, బుల్లెమ్మకు దగ్గు తగ్గాలి. అడగడం అవగానే ఒక దణ్ణం పెట్టి, పొయ్యి దగ్గరికి పరుగు.

ఒక చలికాలం వీరరత్నానికి జ్వరం వచ్చింది. మొగుడు సంతకు వెళ్ళాడు. నీళ్ళలో పెట్టిన వెదురు బుట్టల్లో చేపలు పడ్డాయో లేదో చూసేవాళ్ళు లేరు.

"నేను చూసొస్తానే అమ్మా," అంది బుల్లెమ్మ.

"సరే గానీ, కిక్కిస గడ్డి దుబ్బులు దాటి వెళ్ళకు," అంది తల్లి.

బుల్లెమ్మ తాటిదోనె ఎక్కింది. తాటిమాను తొలిచి చేసిన చిన్న పడవ అది. కాస్త అటూ ఇటూ కదిలితే చాలు, ఒరిగిపోతుంది. బుల్లెమ్మ కాస్త దూరం వెళ్ళాక మంచు దిగింది. చాపిన చెయ్యి కనబడనంత మంచు.

మంచు పట్టిన పొద్దున ఆ ఊరి ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఇత్తడి కంచం మోగిస్తారు. ఆ మోత వైపు దోనెలు వస్తాయి. వీరరత్నం జ్వరంతోనే కంచం, గరిటె పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తింది.

కంచం కొడుతూ, "అమ్మా, ఈ మంచు తీసెయ్యి తల్లీ," అని మొక్కింది. మంచు పోలేదు.

అప్పుడు ఇంకా గట్టిగా కొడుతూ, "నీకు కోడినిస్తాను, కొత్త చీర పెడతాను," అంది. మంచు ఇంకా చిక్కబడింది.

ఆ తర్వాత ఆమెకు కోపం వచ్చింది. "నీకూ ఒక కూతురుంటే తెలిసేది," అంది అమ్మవారిని. కంచం మాత్రం ఆపలేదు. ఆపితే బిడ్డ దారి తప్పుతుందని భయం.

అప్పుడు పక్కింటి ముసలామె సూరాయమ్మ వచ్చి, ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇక ఆపవే."

"ఆపితే ఎలాగత్తా? నా కూతురికి వినబడొద్దా?"

"ఈ మోతకి చేపలు కూడా లేచుంటాయి. దానికి వినబడే ఉంటుంది. అది బదులు పలికితే నీకెలా వినబడుద్ది?"

వీరరత్నం కంచం కింద పెట్టింది. అడగడానికి మాటలు కూడా మిగల్లేదు. "అమ్మా, నువ్వు తోడుండు," అని మాత్రం అనుకుని ఊరుకుంది.

మొదట తన గుండె చప్పుడే వినిపించింది. ఆ తర్వాత నీళ్ళు ఒడ్డుకు తగిలే చప్పుడు. ఆ తర్వాత, ఎక్కడో దూరంగా, కుడిపక్కన, దోనెను అరచేత్తో కొడుతున్నట్టు టప్ టప్‌మని చప్పుడు.

ఇద్దరూ సూరాయమ్మ దోనెలో బయల్దేరారు. ఒకసారి పిలవడం, ఆగి వినడం. మళ్ళీ పిలవడం, ఆగి వినడం. అలా వెళ్ళగా వెళ్ళగా బుల్లెమ్మ దొరికింది. దోనె నెట్టే గెడకర్ర బురదలో దిగబడి చేజారిపోయిందట. దోనె ఒరగకుండా అందులో బోర్లా పడుకుని, అరచేత్తో దాన్ని కొడుతూ ఉంది.

"ఎంతసేపట్నుంచి అరుస్తున్నానో," అంది బుల్లెమ్మ, బొంగురు గొంతుతో. "నీ కంచం నా అరుపు వినబడనిస్తేగా."

వీరరత్నం ఏడుస్తూనే నవ్వింది. బిడ్డను గుండెకు అదుముకుంది. మంచు మాత్రం మధ్యాహ్నానికి గానీ విడలేదు.

మర్నాడు పొద్దున వీరరత్నం పటం ముందు దణ్ణం పెట్టి, లేవకుండా అక్కడే కూర్చుంది.

"అమ్మా, ఆకలేస్తోంది. ఇంకా ఏం అడుగుతున్నావు?"

"అడగడం అయిపోయిందే. కాసేపు ఉండు."

బుల్లెమ్మ పక్కన చతికిలబడింది. "ఏమన్నా వినబడుతోందా?"

"ఇవాళ ఏం లేదు."

"మరెందుకు కూర్చోవడం?"

వీరరత్నం కూతురి జుట్టు సవరించింది. "ఇలా కూర్చుంటే ఒక్కదాన్నే ఉన్నట్టు లేదమ్మా. అందుకు."

దోనె ఒడ్డుకు చేరింది,
మంచు ఎండకు కరిగింది,
కథ కంచికి నడిచింది,
మన ఇంట నిద్ర వాలింది.

రేపు మీకూ పిల్లలు పుడతారు. వాళ్ళు ఏ ఊళ్ళో, ఏ భాషలో నిద్రపోయినా, ఈ కథ వాళ్ళకు చెప్పండి. పేర్లు మర్చిపోతే మీకు తోచినవి పెట్టుకోండి. "బదులు పలికితే నీకెలా వినబడుద్ది" అని సూరాయమ్మ అన్న మాట మాత్రం వదిలెయ్యకండి.