సూరమ్మ పొలం నమూనా

హైమవతికి ఒళ్ళు మండిపోతోంది. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా స్కూటరెక్కి మార్కండేయులు గారింటికి వచ్చి, ఆ గేటుని ఎంత విసురుగా తోసిందంటే ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూశారు.

"సార్, ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?" అంది, చెప్పులైనా విడవకుండా.

మార్కండేయులు గారు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. వ్యవసాయ కళాశాలలో ముప్ఫై మూడేళ్ళు మట్టి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మొదటి ఏడాది పిల్లల్ని ఆరడుగుల గోతిలోకి దింపి, గోతి గోడలో ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించేదాకా పైకి రానిచ్చేవారు కాదు. హైమవతి ఆ గోతిలో రెండు గంటలు ఉండిపోయింది. పైకొచ్చాక ఆమెకి మట్టి తప్ప ఇంకేదీ చదవాలనిపించలేదు. ఆ తర్వాత ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు జిల్లా మట్టి పరీక్షా కేంద్రంలో పెద్ద ఉద్యోగంలో ఉంది.

"కూర్చో. ముందు మంచినీళ్ళు తాగు," అన్నారాయన.

హైమవతి కూర్చోలేదు. మంచినీళ్ళూ తాగలేదు. నిలబడే మొత్తం చెప్పింది.

సముద్రానికి దగ్గర్లో పోతురేవు అని ఒక ఊరుంది. అక్కడ మూడేళ్ళ క్రితం వరిచేల మధ్య రొయ్యల చెరువులు తవ్వారు. చెరువుల్లో ఉప్పునీరు ఊటగా చేలలోకి దిగుతోందనీ, పంట చచ్చిపోతోందనీ రైతులు తిరగని ఆఫీసు లేదు. చివరికి మట్టి పరీక్ష చేయించమని ఉత్తర్వు వచ్చింది. హైమవతి స్వయంగా వెళ్ళి నలభై పొలాల్లో నమూనాలు తీసి, పరీక్ష చేసి, రిపోర్టు ఇచ్చింది. ఉప్పు ఉండాల్సిన హద్దులోనే ఉందని లెక్క తేలింది.

నిన్న ఆ ఊళ్ళో సభ పెట్టారు. వచ్చిన ఆఫీసరు ఆ రిపోర్టుని జెండాలా పైకెత్తి చూపించాడు. "సైన్సే చెబుతోంది, మీ పొలాలు బంగారంలా ఉన్నాయి. ఇంకో ఆరు చెరువులకి సోమవారం అనుమతి ఇస్తున్నాం," అన్నాడు. అని, అక్కడ పెట్టిన జీడిపప్పు తింటూ కూర్చున్నాడు.

"రైతులు వాణ్ణి ఒక్క మాట అనలేదు సార్. నా మీద పడ్డారు. ఎంతకి అమ్ముడుపోయావని అడిగారు. సూరమ్మ అని ఒకావిడ, ఇంత మట్టిగడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి, నాకి చూడమంది, అందరిముందూ! పదిహేనేళ్ళ సర్వీసులో ఒకళ్ళ దగ్గర టీ తాగినదాన్ని కాదు నేను!"

బ్యాగులోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"మీరు ఒక్క సంతకం చెయ్యండి సార్. నేను అనుసరించిన పద్ధతిలో వెంట్రుకవాసి తప్పు లేదని. ప్రమోషన్ల జాబితా వచ్చే నెల. ఈ గోల అక్కడిదాకా వెళితే నా పని అయిపోయినట్టే. మీరు చెబితే ఎవరూ ఎదురు మాట్లాడరు."

మార్కండేయులు గారు కాగితం చదివారు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు.

"హైమా, ఆ పొలాల్లో ఉప్పుందా, లేదా?"

"రిపోర్టులో హద్దులోనే ఉంది సార్."

"రిపోర్టు సంగతి నువ్విప్పుడే చెప్పావు. పొలం సంగతి అడుగుతున్నాను."

హైమవతికి ఇంకా కోపం వచ్చింది. ఇంతదూరం న్యాయం కోసం వస్తే ఈయన కూడా వైవా పరీక్ష పెడుతున్నాడే అనుకుంది.

"నమూనాలు ఎలా తీశావు?"

"ఎలా తీస్తారు సార్? మీరు నేర్పినట్టే. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పదిహేను చోట్ల జానెడు లోతున గుంట తీసి, అంచు చెక్కి, అంతా కలిపాను. గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ తీసేశాను. అరకిలో మిగిలేదాకా అలాగే చేశాను. గట్ల పక్కన తియ్యలేదు. చెట్ల నీడన తియ్యలేదు. పెంటకుప్ప పోసిన చోట తియ్యలేదు. మామూలు పొలానికి భిన్నంగా కనిపించే చోట తియ్యలేదు."

"చివర చెప్పింది ఎక్కడుంది?"

"మీ పుస్తకంలో! ఇరవైమూడో పేజీ. ఏ ల్యాబులోనైనా గోడకి అంటించి ఉంటుంది ఆ పేజీ!"

నిజమే. నమూనా తీసే పద్ధతి మీద ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. నాలుగు ముద్రణలు పడింది. ఆయన పాఠాలు మర్చిపోయినవాళ్ళు కూడా ఆ పుస్తకాన్ని మర్చిపోలేదు. సన్మానానికి పిలిచిన ప్రతిచోటా దాన్నే పొగిడేవారు. ఆయనకీ ఆ పొగడ్త ఇష్టమే. కాదనడం అబద్ధం.

మార్కండేయులు గారు టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు.

"స్కూటర్లో పెట్రోలుందా?"

"ఉంది సార్. ఎక్కడికి?"

"సూరమ్మ గారి పొలానికి."

దారి పొడవునా హైమవతికి నోటికి విశ్రాంతి లేదు. ఆఫీసరుని తిట్టింది, చెరువుల వాళ్ళని తిట్టింది, విశ్వాసంలేని రైతుల్ని తిట్టింది. వెనక సీటులో మార్కండేయులు గారు సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఈ వయసులో ఆయనకి ఆ గతుకుల దారి ఎంత నరకమో ఆమెకి తట్టనే లేదు.

పోతురేవు చేరేసరికి ఎండ ఎక్కింది. చైత్రమాసం. కోతలైపోయి చేలు ఖాళీగా ఉన్నాయి. ఒకవైపు రొయ్యల చెరువుల్లో గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఇటువైపు సూరమ్మ పొలం, ఎకరమున్నర. దాన్నిండా ఉప్పు పేరుకున్న చౌడు. సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. వాటి సందుల్లో మాత్రం అక్కడక్కడా నల్లటి నేల, ఎండిన వరి దుబ్బులు.

గట్టు మీద స్కూటరు ఆగడం చూసి సూరమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. కొంగు నడుముకి బిగించి ఉంది.

"మళ్ళీ వచ్చావేటమ్మా? ఇంకా ఏవన్నా రాయడం మిగిలిపోయిందా?"

హైమవతి మొహం ఎర్రబడింది. "చూశారా సార్? చూశారా ఎలా మాట్లాడుతోందో?"

మార్కండేయులు గారు సూరమ్మకి నమస్కారం పెట్టారు. "నేనీ అమ్మాయికి చదువు చెప్పినవాణ్ణమ్మా," అన్నారు.

"బాగా చెప్పారు బాబూ," అంది సూరమ్మ. "మూడేళ్ళ కింద ముప్ఫై అయిదు బస్తాలు పండిన చేను. కిందటేడు నాలుగు. ఈ ఏడు గడ్డి కూడా దక్కలేదు. కాయితంలో మటుకు బంగారవంట. ఆ బంగారవేదో మీరే పట్టుకుపోండి."

ఆయన హైమవతి వైపు తిరిగారు.

"నువ్వు ఈ పొలంలో ఎటు నుంచి ఎటు నడిచావు?"

"ఈ మూల నుంచి ఆ మూలకి సార్."

"మళ్ళీ నడు. మన ఇరవైమూడో పేజీ ప్రకారం. ఆ రోజు భిన్నంగా ఉందని వదిలేసిన నేల మీద ఇవాళ అడుగు పడకూడదు. అంతే."

ఇదేం పరీక్ష అనుకుంది హైమవతి. అయినా గురువు మాట. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని పొలంలోకి దిగింది. మొదటి అడుగు నల్లనేల మీద వేసింది. రెండోదీ అంతే. మూడో అడుగుకి పక్కకి జరగాల్సి వచ్చింది. నాలుగో అడుగుకి గెంతాల్సి వచ్చింది. అటు రెండు గెంతులు, ఇటు ఒక గెంతు. తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టుందని సూరమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పదో అడుగయ్యేసరికి గట్టు మీద ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

పొలం నడుమకి వచ్చేసరికి హైమవతి ఆగిపోయింది. ముందు తెలుపు. కుడివైపు తెలుపు. ఎడమవైపు, కనుచూపు ఆనినంత వరకు, తెలుపే. కాళ్ళకింద అరచాప పాటి నల్లనేల ఉంది. దాని మధ్యలో ఆమె తీసిన పాత గుంట ఇంకా పూడకుండా కనిపిస్తోంది.

ఆ రోజు ఇదే పొలంలో ఎంత ఒడుపుగా నడిచిందో ఆమెకి గుర్తొచ్చింది. ఒక్క మచ్చనీ తొక్కలేదు. మంచి నేల ఎక్కడుందా అని వెతుక్కుని వెతుక్కుని పదిహేను గుంటలు తీసింది. చెప్పుకి చౌడు అంటలేదని సంతోషించింది కూడా. నిన్నటి నుంచీ ఊరందరి మీదా ఎగిరిన కోపం అలాగే ఉంది, ఎవరి మీద పడాలో దానికిప్పుడు తెలియడం లేదు.

"సార్," అంది. "ఇంక దారి లేదు."

మార్కండేయులు గారు గట్టు మీదే చెప్పులు విడిచారు. వట్టి కాళ్ళతో, తిన్నగా, చౌడు తొక్కుకుంటూ ఆమె దగ్గరికి వచ్చారు. అడుగు పడినచోటల్లా తెల్లటి పెచ్చు అప్పడంలా విరిగింది. ఆయన మొహం చూసి హైమవతికి భయం వేసింది. గోతి గోడ దగ్గర తప్పు చెప్పినప్పుడు కూడా ఆయన్ని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"ఆ వాక్యం రాసింది నేను," అన్నారాయన. "మెట్టప్రాంతంలో ఎర్రనేలల్లో తిరిగి రాశాను. అప్పటికి ఇటు సముద్రం వైపు ఒక్క పొలంలోనూ దిగలేదు. దిగకుండానే రాశాను. నాలుగుసార్లు అచ్చేయించాను, నాలుగుసార్లూ బాగుందనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ పేజీ చూసి ఎంతమంది, ఎందరి పొలాల్లో..."

అక్కడే, తెల్లటి నేల మీద, మోకాళ్ళమీద కూర్చున్నారు. పార లేదు, సంచి లేదు. చేత్తోనే పెచ్చు పగలగొట్టి, వేళ్ళతో జానెడు లోతుకి తవ్వారు. గోరు చివర నెత్తురు చిమ్మింది. హైమవతి "సార్, సార్" అంటూ వంగితే చేత్తోనే వారించారు.

జేబులోంచి టైపు కాగితం తీశారు. మడతలు విప్పి నేలమీద పరిచి, తీసిన మట్టి అందులో పోశారు. పొట్లం కట్టారు. పెన్ను అడిగి తీసుకుని దాని మీద ఊరి పేరు, పొలం పేరు, తేదీ రాశారు. కింద తన సంతకం చేశారు.

"సోమవారంలోపు పరీక్ష అవుతుందా?"

"ఆదివారం కూడా కూర్చుంటే అవుతుంది సార్."

"మరి ఆ రిపోర్టు?"

హైమవతి పొట్లాన్ని రెండు చేతులతో తీసుకుంది. బరువు పెద్దగా లేదు. ప్రమోషన్ల జాబితా గుర్తొచ్చింది, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునే మొహాలు గుర్తొచ్చాయి. గట్టు మీద సూరమ్మ కదలకుండా నిలబడి ఇటే చూస్తోంది.

"వెనక్కి తీసుకుంటాను," అంది. "తప్పుగా తీశానని నేనే రాసిస్తాను. నలభై పొలాలూ మళ్ళీ తీస్తాను."

ఆయన తల ఊపారు. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. హైమవతి తన చెప్పులు విడిచి పక్కన పెట్టి, చౌడు మీదకి దిగి, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. కాళ్ళకింద ఉప్పు చురుక్కుమంది.

"ఒక్కో పొలంలో ఎన్నిచోట్ల తియ్యమంటారు సార్?"

మార్కండేయులు గారు ఆమె గెంతుకుంటూ వచ్చిన వంకరదారి వైపు ఒకసారి చూశారు.

"నువ్వు పక్కకి తప్పుకున్న ప్రతిచోటా."